డాబుకు వియత్నాంలో ఎన్ని పేర్లో!

*గొప్పలు పోయేవాడు వేరు, పెద్దరికం వెలగబెట్టేవాడు వేరు. ఎవరికి ఏ మాట తగలాలో వియత్నామీయులకు బాగా తెలుసు.*

కోతలు కోసేవాణ్ని హనోయ్ కుర్రాళ్లు 'చెమ్ జో' అంటారు. గాలిని నరుకుతున్నాడని అర్థం. దక్షిణాన హోచిమిన్ సిటీలో అదే మనిషిని 'నో' అంటారు. అంటే పేలడం. నలుగురి కంట్లో పడాలని చేసే హంగు 'లామ్ మౌ', రంగు పులమడం. పలకరించినా పలకని బిగువు 'చఞ్'. గొప్పింటివాళ్ల తీరును అరువు తెచ్చుకుంటే 'హోక్ దోయ్'. అడగని వాళ్లకు నీతులు చెప్పబోతే 'లెన్ మత్', మొహం పైకెత్తడం.

వరస తప్పితే తప్పే

అక్కడ 'నేను', 'నువ్వు' అనాల్సిన చోట అన్న, అక్క, బాబాయి, తాత లాంటి వరసలే ఎక్కువగా వాడతారు. ఎదుటివారి వయసు అంచనా వేయకుండా మాట కలపడం కష్టం. అందుకే చిన్నవాడు హద్దు మీరితే వెంటనే చెవికి తగులుతుంది. వాళ్ల సామెతలో గుడ్డు బాతు కన్నా తెలివైనదాన్నంటుంది. మన సామెతలో గుడ్డొచ్చి పిల్లను వెక్కిరిస్తుంది. 'బావిలో కప్ప' మాట మాత్రం ఇద్దరికీ ఉంది.

ఎర్రజుట్టు సువాన్

ఈ మాటలన్నీ ఒకే మనిషికి అతికినట్టు సరిపోయేది 'సో దో' నవలలో. ఫ్రెంచివారి ఏలుబడిలో, 1936లో వూ ట్రోంగ్ ఫుంగ్ దీన్ని ధారావాహికగా రాశారు. హనోయ్‌లో పాశ్చాత్య మోజు ముదిరిన రోజులవి. కథానాయకుడు సువాన్ టెన్నిస్ కోర్టులో బంతులు ఏరే కుర్రాడు. ఒకప్పుడు మందుల ప్రచారానికి అరిచిన అరుపులనే వల్లిస్తాడు. వినేవాళ్లు వైద్య విద్యార్థి అనుకుంటారు, క్రమంగా డాక్టరే అయిపోతాడు! అతణ్ని పైకెత్తిన పెద్దమనిషి ఏళ్ల తరబడి ఫ్రాన్సులో ఉండి, పట్టా లేకుండా తిరిగొచ్చినవాడు. చివరికి సువాన్ సయాం దేశపు టెన్నిస్ ఆటగాడి చేతిలో కావాలని ఓడి, దేశాన్ని యుద్ధం నుంచి కాపాడిన వీరుడిగా జేజేలు అందుకుంటాడు. రచయిత 1939లో, ముప్ఫై ఏళ్లైనా నిండకుండానే క్షయతో కన్నుమూశారు.

తర్వాతి తరంలో నాటకకర్త లూ క్వాంగ్ వూ ఈ డాబు జబ్బునే 'బెన్ సీ' పేరుతో రంగస్థలం ఎక్కించారు. పరువు కోసం పాకులాడే రోగమని దాని అర్థం.

దెబ్బ ఎవరికి?

ఈ మాటలకు రెండో వైపూ ఉంది. బాతు కన్నా తెలివైనదాన్నన్న గుడ్డు ఒక్కోసారి నిజమే చెప్పి ఉండవచ్చు. కొత్తగా చదువుకుని, కాస్త మంచి బట్ట కట్టుకున్న పేదింటి పిల్లను 'హోక్ దోయ్' అని ఎగతాళి చేస్తే అది అన్యాయమే. ఫుంగ్ ఆ పని చేయలేదు. సువాన్ కన్నా, అతణ్ని డాక్టరని నమ్మి నెత్తికెత్తుకున్న పెద్దింటివాళ్లనే ఎక్కువగా ఎండగట్టారు. వెక్కిరించే మాట ఏ భాషలోదైనా తగలాల్సింది అబద్ధానికే. ఎదగాలనే ఆశకు కాదు.