సగ్గుబియ్యం పాయసం – విరగకుండా!

సగ్గుబియ్యం చెట్టుకు కాసే గింజ కాదు. కర్రపెండలం దుంప పిండితో చేస్తారు. సామర్లకోట, పెద్దాపురం వైపు మిల్లులున్నాయి.

గ్లాసు సగ్గుబియ్యం అరగంట నానబెట్టి, 4 గ్లాసుల నీళ్లలో గింజ అద్దంలా మెరిసేదాకా ఉడికించాలి. గరిటె ఆపితే అడుగంటుతుంది. తర్వాత కాచిన చిక్కటి పాలు 3 గ్లాసులు పొయ్యాలి.

గ్లాసు బెల్లం తురుము మాత్రం దించి, చల్లారాకే వెయ్యాలి. పోయినసారి వంటసాయానికి వెళ్లి మేము పొయ్యి మీదే వేసేశాం. పాలన్నీ విరిగిపోయాయి. మాట పడింది వంటాయన. వార్డెన్ సార్, తప్పు మాది!

చివర్లో అరటిపండు ముక్కలు, గింజలు తీసిన సీతాఫలం గుజ్జు కలపండి. సీతాఫలం వేడికి చేదెక్కుతుంది. అనాస వద్దు, పచ్చిది పాలని విరిచేస్తుంది.