మట్టిగట్టును కాపాడుకొందుము



గోదావరి వరద అనగానే మన చూపు ధవళేశ్వరము వైపు పోవును. కాని మెట్టలో కురిసిన వానకు పొంగి, డెల్టా పల్లపు చేలను ముంచు వాగులు వేరే ఉన్నవి. వాటిలో ఎర్రకాలువ ఒకటి. అది నందమూరు అక్విడెక్టు దగ్గర ఏలూరు కాలువను దాటి, యనమదుర్రు డ్రెయిన్‌లో కలిసి, భీమవరము మీదుగా సముద్రమునకు పోవును. మెట్టలో పరుగెత్తి వచ్చిన నీరు డెల్టా పల్లములో నిలిచిపోవును. తాడేపల్లిగూడెము, నిడదవోలు వైపు రైతులకు ఈ బాధ క్రొత్త కాదు.

ఈ వాగుకు అడ్డముగా జంగారెడ్డిగూడెము దగ్గర కొంగువారిగూడెములో మట్టి ఆనకట్ట ఉన్నది. అది మెట్ట పొలములకు నీరిచ్చును. వరదను కొంత నిలిపి, గేట్ల ద్వారా మెల్లగా విడుచును. అయితే జలాశయము ముందే నిండియున్న యెడల క్రొత్త వరదకు చోటుండదు. దాని దిగువన కలియు వాగుల నీటిని కూడ అది ఆపలేదు.

ఇట్టి గట్టును మట్టిని పొరలు పొరలుగా పోసి, తడిపి, రోలరుతో అణచి కట్టుదురు. నీటివైపు రాళ్లు పరతురు. ఎంత గట్టిగా కట్టినను, నీరు దాని పైనుండి పొర్లరాదు. పొర్లినచో వెనుక వాలు కోసుకొనిపోయి గంటలలో గండి పడును. అందుచేత అలుగు, గేట్లు సరిగా పనిచేయుట అత్యవసరము.

2024 జూలై 18న మనము దీనిని చూచితిమి. అశ్వారావుపేట మండలము గుమ్మడవల్లిలోని పెదవాగు ప్రాజెక్టు గట్టు మీదుగా నీరు పొర్లి గండి పడినది. ఆ నీరు దిగువనున్న వేలేరుపాడు, కుక్కునూరు మండలముల గ్రామముల మీద పడినది. అనేక కుటుంబములు ఇండ్లను, పశువులను, పంటలను పోగొట్టుకొన్నవి.

మీ ఊరి చెరువుగట్టుకైనను ఇదే నియమము. వేసవిలోనే గట్టు మీద నడిచి చూడుడి. ఎలుక బొరియలు, పెద్ద చెట్ల వేళ్లు, క్రుంగిన చోట్లు ఉన్నవేమో కనుగొనుడి. వెనుక వాలున తేటనీరు ఊరుచున్న యెడల గమనించుచుండుడి. బురదనీరు వచ్చినచో లోపల మట్టి కొట్టుకొనిపోవుచున్నదని గ్రహించి, వెంటనే లస్కరుకు, ఇంజనీరుకు తెలుపుడి. ఇంటి మెరకకు గట్టు మట్టిని త్రవ్వనియ్యకుడి. గేట్లకు గ్రీజు పెట్టి, ఎత్తి దించి చూడవలెనని తొలకరికి ముందే ఊరంతయు కలిసి అడుగుడి. వరద వచ్చిన రాత్రి ఈ పనులు చేయుటకు సమయముండదు.