వీకెండ్‌ మ్యూజియంలో.. మనసు డిజైన్‌ మీద!

జహీరాబాద్‌ నుంచి మనవాళ్లు హైదరాబాద్‌ ఎందుకు వెళతారు? కోచింగ్‌కు, ఇంటర్వ్యూకు, లేదంటే పెళ్లి బట్టలకు. సాలార్‌జంగ్‌ మ్యూజియమంటే బడిలో ఉన్నప్పుడు సార్లు వరసలో నిలబెట్టి తిప్పిన చోటు. బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం చూశాం, పులిహోర తిన్నాం, వచ్చేశాం. డిజైన్‌ వైపు మనసున్న డిగ్రీ, బీటెక్‌ విద్యార్థులు మాత్రం మరోసారి వెళ్లాలి. ఈసారి రెండు రోజులు, చేతిలో నోట్‌బుక్‌తో.

ఎం.డిజైన్‌ ప్రవేశాలకు ఐఐటీ బాంబే నిర్వహించే ‘సీడ్‌’ పరీక్షను ఏ గ్రూపుతో డిగ్రీ చేసినా రాయొచ్చు. చివరి ఏడాదివాళ్లూ అర్హులే. (సీటుకు నాలుగేళ్ల డిగ్రీ ఉండాలా, మూడేళ్లది చాలా అన్నది సంస్థను బట్టి మారుతుంది. దరఖాస్తుకు ముందే చూసుకోండి.) ఇందులో పార్ట్‌-బి అంతా బొమ్మ గీయడం, ఒక వస్తువులో లోపాన్ని పట్టుకోవడం, కొత్త ఆలోచన చెప్పడం. ఇది మెటీరియల్‌ బట్టీపట్టి వచ్చేది కాదు. వస్తువును నిదానంగా చూసే అలవాటుతోనే వస్తుంది.

శుక్రవారం సాలార్‌జంగ్‌కు, పబ్లిక్‌ గార్డెన్స్‌లోని స్టేట్‌ మ్యూజియానికి సెలవు. కాబట్టి శని, ఆదివారాలు పెట్టుకోండి. మియాపూర్‌లో బస్సు దిగి మెట్రో ఎక్కితే చాలు. అదే లైన్‌లో అసెంబ్లీ స్టేషన్‌ దగ్గర స్టేట్‌ మ్యూజియం, ఎంజీబీఎస్‌ నుంచి కాస్త ఆటోలో వెళితే సాలార్‌జంగ్‌. అమ్మాయిలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో మహాలక్ష్మి పథకం ఉంది కదా, ఆధార్‌ మరిచిపోవద్దు. రాత్రికి చుట్టాలిల్లో, దోస్తు హాస్టలో!

శనివారం పదింటికల్లా సాలార్‌జంగ్‌లో ఉండాలి. సాయంత్రం అయిదుకు మూసేస్తారు. దాదాపు నలభై గ్యాలరీలున్నాయి. అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూడనట్టే. మూడే ఎంచుకోండి. ఒకటి, ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ‘ముసుగు రెబెకా’. పలుచటి బట్ట కింద ముఖం కనిపిస్తున్నట్టే ఉంటుంది, కానీ అంతా పాలరాయే. రెండోది ఒకే చెక్క దుంగలో ముందు మెఫిస్టోఫిలిస్‌, వెనక మార్గరెట్టా ఉన్న శిల్పం. వెనకవైపు కనిపించేందుకు అద్దం పెట్టారు. ఆ అద్దం కూడా డిజైనే! ఒక్కోదాని ముందు అరగంట కూర్చొని గీయండి. బొమ్మ బాగా రాకపోయినా ఫర్వాలేదు.

మూడోది బిద్రీ. నల్లటి హుక్కా బుడ్లు, పాన్‌దాన్లు, వాటి మీద వెండి తీగల పూలు. ఇక్కడే మనవాళ్లు ఆగాలి. ఎందుకంటే ఇది మన పక్కూరి పనితనం. జహీరాబాద్‌ నుంచి బీదర్‌ ముప్పై కిలోమీటర్లే. జింక్‌లో కొంచెం రాగి కలిపి పోత పోస్తారు. పైన గీతలు చెక్కి, వాటిలో వెండి తీగను సుత్తితో కొట్టి దిగేస్తారు. చివర్లో బీదర్‌ కోట మట్టిని నవాసాగరంతో కలిపి, కాస్త వేడి చేసిన వస్తువుకు రుద్దుతారు. జింక్‌ నల్లబడుతుంది, వెండికి మాత్రం ఏమీ కాదు. ఆ నలుపు రంగు కాదు, రసాయన చర్య. కెమిస్ట్రీ చదివినవాళ్లకు ఇంటర్వ్యూలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏముంటుంది?

ఓపికుంటే సాయంత్రం దగ్గర్లోని పురానీ హవేలీ. ఆరో నిజాం మహబూబ్‌ అలీఖాన్‌ బట్టలకు కట్టిన రెండంతస్తుల చెక్క వార్డ్‌రోబ్‌ అక్కడుంది. ఆదివారం స్టేట్‌ మ్యూజియం. అందరూ ఈజిప్టు మమ్మీ దగ్గర గుమిగూడతారు, మీరు కంచు విగ్రహాల వైపు వెళ్లండి. మధ్యాహ్నం అమీర్‌పేటలో మెట్రో మారి మాదాపూర్‌ వెళితే స్టేట్‌ ఆర్ట్‌ గ్యాలరీలో ఇప్పటి చిత్రకారుల పని చూడొచ్చు. ఏ ప్రదర్శన నడుస్తోందో ముందే కనుక్కోవాలి. నిఫ్ట్‌ క్యాంపస్‌ ఉన్నదీ మాదాపూర్‌లోనే.

అసలు పని ఇంటికొచ్చాక ఉంది. తర్వాతి ఆదివారం అదే నోట్‌బుక్‌ పట్టుకొని బీదర్‌ వెళ్లండి. 2023లో పద్మశ్రీ అందుకున్న షా రషీద్‌ అహ్మద్‌ ఖాద్రీ ఈ ఊరి బిద్రీ కళాకారుడే. చౌబారా దగ్గరి బిద్రీ దుకాణాల్లో పని జరుగుతుంటే అడిగి కూర్చోండి. ఏ పనిముట్టు ఎలా పట్టుకుంటున్నారు, ఏ పనికి ఎంతసేపు పడుతోంది, ఇప్పుడు హుక్కాలు కొనేవాళ్లు లేరు కాబట్టి ఏం చేసి అమ్ముతున్నారు.. ఇవన్నీ రాసుకోండి. మ్యూజియంలో గీసిన హుక్కా బుడ్డి పక్క పేజీలో ఇవాళ్టి బిద్రీ పెన్‌డ్రైవ్‌ కవరో, చెవి దిద్దులో గీయండి. పోర్ట్‌ఫోలియోలో మొదటి రెండు పేజీలు అవే.