అడవిపిల్లి కూనలు – వాని సంరక్షణము

పిల్లిజాతి యనగానే మనకు పెద్దపులియు, చిరుతపులియు జ్ఞప్తికి వచ్చును. కాని యా జాతిలో చిన్న జంతువులే యెక్కువ. మన పొలముల గట్లవెంబడిని, వాగుల యొడ్డున గల పొదలయందును సంచరించు జంగుపిల్లి యట్టిది. దీనిని అడవిపిల్లి యనియు నందురు. దీని కాళ్లు పొడవు, తోక పొట్టి, చెవుల కొనలయందు నల్లని వెండ్రుకలుండును. పెరిగిన పిల్లి యొడలిపై చారలు స్పష్టముగా గానరావు గాని కూనలకు చారలుండును. అందుచేత జనులు వానిని జూచి పులిపిల్లలని భ్రమపడుట కలదు.

ఇంతకంటెను చిన్నది తుప్పురంగు మచ్చల పిల్లి. పెరిగినదియు ఇంచుమించు ఒక కిలోగ్రాము మొదలు కిలోగ్రామున్నర వరకే తూగును. ఇది భారత, సింహళ, నేపాళ దేశములందు దప్ప మరెక్కడను అడవులలో లేదు.

ఈ జంతువులు రైతునకు మిత్రములు. రాజస్థానమందలి సరిస్కా అడవిలో పరిశోధించినవారు ఒక్క జంగుపిల్లి దినమునకు 3 మొదలు 5 వరకు ఎలుకలను, చుంచులను పట్టునని 2004లో లెక్కగట్టిరి. ఏడాదికి ఇది వేయికి మించును. అప్పుడప్పుడు కోడిపిల్లల నెత్తుకొనిపోవుట నిజమే. రాత్రివేళ కోళ్లగూటి తలుపు గట్టిగా మూసినచో ఆ నష్టము తప్పును.

తల్లిపిల్లి దట్టమైన గడ్డిలోనో, పెరిగిన పైరులోనో కూనలను దాచి వేటకు పోవును. కోతల కాలమున కూలివారి కొడవలికో, కోతయంత్రమునకో యా చోటు బయటపడును. తల్లి కానరాదు. చూచినవారు “అయ్యో, దిక్కులేని కూనలు” అని జాలిపడి యింటికి గొనిపోదురు. ఆ జాలియే వానికి కీడగును. తల్లి చచ్చిపోలేదు, జనసమ్మర్దమునకు వెరచి దూరముగా నొదిగి, చీకటి పడినంతనే తిరిగి వచ్చును.

ఇంటికి దెచ్చిన కూనకు ఆవుపాలు పోసినచో అది సరిగా జీర్ణము కాక విరేచనములగును. పాలు, అన్నము మాత్రమే పెట్టి పెంచుట మరింత ప్రమాదము. మాంసమందు టారిన్ అను పదార్థము కలదు. పిల్లి దీనిని తన శరీరమందు చాలినంత తయారు చేసికొనలేదు. అది లోపించినచో పిల్లి కన్ను చెడునని 1975లోను, గుండె బలహీనమగునని 1987లోను శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

మంచి యాహారము పెట్టి పెంచిన మాత్రమున అడవిబుద్ధి పోదు. కొంతకాలము నెల్లూరిలో వైద్యుడుగా నుండిన జెర్డన్ దొర 1846లో తుప్పురంగు మచ్చల పిల్లికూన నొకదానిని పెంచెను. అది మిక్కిలి మచ్చికై చూచువారి కెల్ల ముద్దుగొలిపెను. ఎనిమిది మాసముల ప్రాయమున దానిని జింకపిల్ల యున్న గదిలోనికి విడువగా, చూచిన తక్షణమే దుమికి మెడ పట్టుకొనెను; విడిపించుట కష్టమయ్యెనని యాయన వ్రాసియున్నాడు.

అట్లయిన సంరక్షణాలయము లెందులకు? పూణే జిల్లా జున్నరు తాలూకాలో చెరకుతోటలు విస్తారము. అచ్చట చెరకు కోతలలో దొరకిన కూనలను మొదట వైద్యుడు పరీక్షించును. ఆరోగ్యముగా నున్నచో, సాయంకాలమున దొరకిన చోటనే ఒక పెట్టెలో నుంచి, దూరమున ఛాయాగ్రహణ యంత్రము నమర్చి కాచుకొందురు. తల్లి వచ్చి కూనల నొక్కొక్కదానిని మెడపట్టి గొనిపోవును. గాయపడినవియు, నిజముగా తల్లిని గోల్పోయినవియు మాత్రమే చికిత్సాలయమున నిలుచును. మనుష్యులకు అలవాటుపడి వేట నేర్వనిదానికి మరల అడవి లేదు; జీవితాంతము కటకటాల వెనుకనే యుండవలెను. కావున సంరక్షణాలయమున కూన లెన్ని గలవన్నది దాని కీర్తి కాదు, ఎన్నిటిని తల్లుల కప్పగించెనన్నదియే కీర్తి.

విద్యార్థులారా! పొలములో కూనలు కనబడినచో తాకకుడు. కుక్కలను దూరముగా తోలుడు. ఆ మడిలో కోతను మరునాటికి వాయిదా వేయుమని పెద్దలను వేడుడు. కూన గాయపడినను, తెల్లవారినను తల్లి రాకున్నను అటవీశాఖవారికి తెలుపుడు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి ఇట్టి జంతువుల నింట పెంచుట నేరము.

దయ యనగా చేరదీయుట మాత్రమే కాదు. ఒక్కొక్కప్పుడు చేయి వెనుకకు దీసికొనుటయు దయయే. సృష్టికర్త ఆ కూనకు తల్లి నిచ్చియున్నాడు. ఆమె వచ్చు త్రోవకు మనము అడ్డు రాకుండినచో చాలును.