అమెరికా బోర్డింగ్ స్కూల్‌కు మన పిల్లలు వెళ్లగలరా? డబ్బు కట్టే ముందు అడగాల్సిన ప్రశ్నలు

‘‘అన్నా, బిడ్డను అమెరికాల హాస్టల్ బడికి పంపిస్తమంటున్నరు. ముందుగాల రెండు లక్షలు కట్టమంటున్నరు. కట్టాల్నా?’’ మార్కెట్ యార్డులో హమాలీ పనిచేసే ఒక తండ్రి ఈ మధ్య మాకు ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఇది. ఆయన కూతురు గురుకులంలో తొమ్మిదో తరగతి. కట్టొద్దని వెంటనే చెప్పాం. కానీ ‘అదంతా మనకెందుకు’ అని మాత్రం చెప్పలేదు. ఎందుకంటే దారులు నిజంగానే ఉన్నాయి. వాటి గురించి ఆధిపత్య కులాల పిల్లలకు ఇంట్లోనే తెలుస్తుంది, మన పిల్లలకు దళారి చెబితే తెలుస్తుంది. తేడా అక్కడే మొదలవుతుంది.

బాబాసాహెబ్ 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. ఆ స్కాలర్‌షిప్ గడువు తీరడంతో లండన్‌లో చదువు మధ్యలో ఆపి 1917లో తిరిగి రావాల్సి వచ్చింది. విదేశీ చదువు విషయంలో మనం మొదట నేర్చుకోవాల్సింది ఇదే. డబ్బు ఎవరిస్తారన్నదే కాదు, ఎన్నాళ్లు ఇస్తారు, ఏ షరతు మీద ఇస్తారన్నది కూడా అడగాలి.

ప్రైవేటు స్కూలే ఎందుకు?

అమెరికా ప్రభుత్వ హైస్కూల్‌లో ఎఫ్-1 వీసా మీద గరిష్ఠంగా 12 నెలలే చదవగలరు. ఆ చదువుకయ్యే పూర్తి ఖర్చు కూడా ముందే కట్టాలి. అందుకే నాలుగేళ్ల హైస్కూల్ చదువు కోసం వెళ్లే విదేశీ విద్యార్థులు ప్రైవేటు బోర్డింగ్ స్కూళ్ల వైపు చూస్తారు. ఆ స్కూలుకు విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతి ఉండాలి. అప్పుడే వీసాకు అవసరమైన ఐ-20 పత్రం ఇవ్వగలదు. అనుమతి ఉన్న స్కూళ్ల జాబితా అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఎవరైనా ఒక స్కూలు పేరు చెబితే ముందు అక్కడ వెతకండి.

ఒక విద్యా సంవత్సరం చూసి రావడం వేరే సంగతి. కెన్నెడీ-లూగర్ ‘యెస్’ కార్యక్రమంలో ఎంపికైన పిల్లలు అమెరికా ప్రభుత్వ ఖర్చుతో ఒక ఆతిథ్య కుటుంబంతో ఉంటూ అక్కడి హైస్కూల్‌లో చదువుతారు. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి ఇలా వెళ్లొచ్చిన విద్యార్థులున్నారు. ఈ ఏడాది ప్రకటన వచ్చిందో లేదో ప్రిన్సిపాల్‌ను అడగండి.

ఫీజు ఎంత? ఎవరు కడతారు?

పేరున్న బోర్డింగ్ స్కూళ్లలో ఏడాదికి చదువు, వసతి, భోజనం కలిపి 60 వేల నుంచి 80 వేల డాలర్ల దాకా ఉంటుంది. మన డబ్బులో అర కోటి పైమాటే. కాబట్టి మన పిల్లల విషయంలో ‘ఏ స్కూలు మంచిది’ అన్నది రెండో ప్రశ్న. ‘విదేశీ విద్యార్థికి పూర్తి సాయం ఇస్తుందా’ అన్నది మొదటిది.

కొన్ని స్కూళ్లు కుటుంబానికి కట్టే స్తోమత ఉందా లేదా అన్నది చూడకుండానే ప్రవేశం నిర్ణయిస్తాయి. మసాచుసెట్స్‌లో 1778లో మొదలైన ఫిలిప్స్ అకాడమీ, ఆండోవర్ ఈ విధానం పాటిస్తుంది. చాలా స్కూళ్లు మాత్రం సాయం అడిగేవారిని వేరే లెక్కలో చూస్తాయి. విదేశీయులకు కేటాయించే సొమ్ము కొద్దిగానే ఉంటుంది, పోటీ ప్రపంచమంతటి నుంచీ ఉంటుంది. ‘50 శాతం స్కాలర్‌షిప్ వచ్చింది’ అని ఎవరైనా స్వీట్లు పంచితే, మిగతా 50 శాతం ఏటా దాదాపు 30 లక్షలని గుర్తుంచుకోవాలి.

పది పూర్తిచేసిన పిల్లలకు మరో దారి యునైటెడ్ వరల్డ్ కాలేజ్. న్యూమెక్సికోలో దీని అమెరికా క్యాంపస్ ఉంది. అక్కడ రెండేళ్ల ఐబీ డిప్లొమా చదువుతారు. మన దేశంలోని జాతీయ కమిటీ ద్వారా ఎంపిక జరుగుతుంది, కుటుంబ అవసరాన్ని బట్టి ఆర్థిక సాయం ఉంటుంది. పుణె దగ్గర ఇదే సంస్థకు ఒక కాలేజీ ఉంది.

మన ప్రభుత్వాలేం చేస్తున్నాయి? కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పీజీ, పీహెచ్‌డీలకే. తెలంగాణ అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కూడా డిగ్రీ తర్వాతి చదువులకే. ఇవి చూపించి స్కూలు చదువుకు డబ్బు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

దరఖాస్తులో మన పిల్లలకు ఎదురయ్యేవి

చాలా స్కూళ్లకు గడువు జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి మొదటి వారం లోపు. ఫలితాలు మార్చి 10న, ఒప్పుకోవడానికి ఏప్రిల్ 10 దాకా సమయం. ఇంగ్లిష్ పరీక్ష, కొన్నిచోట్ల ఎస్‌ఎస్‌ఏటీ, టీచర్ల సిఫారసు, వీడియో ఇంటర్వ్యూ ఉంటాయి. పరీక్ష ఫీజు, దరఖాస్తు ఫీజు మినహాయించమని అడగొచ్చు. సిగ్గుపడాల్సిన పనిలేదు.

జీతం స్లిప్పు లేని కూలి కుటుంబం ఆదాయం ఎలా చూపాలి? తహసీల్దార్ ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పాస్‌బుక్, వాటి ఇంగ్లిష్ అనువాదం, ఏడాదిలో ఎన్ని రోజులు పని దొరుకుతుందో వివరిస్తూ ఒక ఉత్తరం జత చేయాలి.

‘నీ ప్రత్యేకత ఏమిటి’ అని అడిగితే మన పిల్లలు మౌనంగా ఉండిపోతారు. పియానో లేదు, ఈత కొలను లేదు. కానీ సెలవుల్లో పత్తి ఏరడం, చెల్లెలికి చదువు చెప్పడం, హాస్టల్‌లో అన్నం బాగోలేదని వార్డెన్‌ను నిలదీయడం కూడా చెప్పుకోదగ్గవే. కులం గురించి రాయాలా వద్దా అన్నది ఆ బిడ్డ ఇష్టం. మన కష్టం అమ్ముకునే సరుకు కాదు. ఏడిపించేలా రాయమని చెప్పే కన్సల్టెంట్‌కు దూరంగా ఉండండి.

స్కూలును మనం అడగాల్సినవి

ఇంటర్వ్యూ వాళ్లే కాదు, మనమూ చేయాలి.

• సాయం నాలుగేళ్లూ ఉంటుందా? మార్కులు తగ్గితే ఆపేస్తారా?
• విమానం టికెట్, ఆరోగ్య బీమా, ల్యాప్‌టాప్, చలి కోట్లు అందులో ఉన్నాయా?
• నవంబర్, డిసెంబర్, మార్చి సెలవుల్లో హాస్టల్ మూస్తారు. అప్పుడు మా బిడ్డ ఎక్కడ ఉంటుంది? ఎవరింట్లో ఉంటుంది?
• తెలుగు మీడియం నుంచి వచ్చిన విద్యార్థికి ఇంగ్లిష్‌లో ప్రత్యేక సాయం ఉందా?
• కుల వివక్షపై ఫిర్యాదు వస్తే ఏ నిబంధన కింద తీసుకుంటారు?

చివరి ప్రశ్న అనవసరం కాదు. కులం కూడా విమానం ఎక్కి వెళ్లింది. బ్రాండైస్ యూనివర్సిటీ 2019లో, సియాటిల్ నగరం 2023లో కుల వివక్షను నిషేధించాయి. అదే 2023లో కాలిఫోర్నియా చట్టసభలు ఆమోదించిన బిల్లును గవర్నర్ వీటో చేశారు. అంటే రక్షణ అన్నిచోట్లా ఒకేలా లేదు. సెలవుల్లో ఏదో తెలుగు కుటుంబం దగ్గర ఉంచుతామంటే ఈ ప్రశ్న మరింత అవసరం.

తిరిగొస్తే?

దీని గురించి దళారులు మాట్లాడరు. మెడిసిన్, ఇంజనీరింగ్ సీట్లలో స్థానికతకు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఎక్కడ చదివారన్నది కీలకం. ఆ ఏళ్లు బయట చదివితే ఎస్సీ ధ్రువపత్రం ఉన్నా స్థానిక కోటాలో చిక్కు రావచ్చు. ఇక్కడే డాక్టర్ కావాలనుకునే బిడ్డ వెళ్లే ముందే ఇది తేల్చుకోవాలి.

ఆ తండ్రితో మళ్లీ మాట్లాడాం. రెండు లక్షలు కట్టలేదు. అమ్మాయి ఇప్పుడు పై ప్రశ్నలు ఇంగ్లిష్‌లోకి మార్చుకుంటోంది. ఆమె వెళ్తుందో లేదో వచ్చే మార్చిలో తేలుతుంది. ప్రతి గురుకులంలో ఈ సమాచారం చెప్పే ఒక కౌన్సెలర్ ఉంటే ఆయన మాకు ఫోన్ చేయాల్సిన అవసరమే వచ్చేది కాదు. విద్యార్థి సంఘాలు ప్రభుత్వం ముందు పెట్టాల్సిన డిమాండ్ ఇది. అది నెరవేరేదాకా, ఈ ప్రశ్నల జాబితాను మీ ఊరి గురుకులం నోటీసు బోర్డుకు అంటించండి.