గాడిదగడపాకు కషాయం తాగకండి

నల్లరేగడి చేలల్లో నేలపై పాకే గాడిదగడపాకు మీకు తెలిసిందే. కడుపులో పురుగులు పోతాయని దాని రసం తాగిస్తారు. మానండి.

బెల్జియంలో 1990-92 నడుమ ఒళ్లు తగ్గేందుకు ఆడవాళ్లకిచ్చిన చైనా మూలికల మందులో ‘ఫాంగ్‌జీ’కి బదులు, పేరు కలిసిన ‘గ్వాంగ్ ఫాంగ్‌జీ’ వేరు పడింది. అది మన గాడిదగడపాకు జాతిదే. ఎండిన వేరును ఎవరు పోల్చగలరు! వందమందికి పైగా కిడ్నీలు పాడయ్యాయి. కొందరికి మూత్రనాళాల్లో కేన్సరూ వచ్చింది. అరిస్టొలోకిక్ ఆమ్లమనే ఈ విషం కాచితే పోయేది కాదు. డాన్యూబ్ నది పల్లెల్లో ఈ జాతి కలుపు గింజలు గోధుమల్లో కలిసి రైతుల కిడ్నీలనే తినేశాయి.

చైనాదైనా, సంతలోదైనా, ఏ మొక్కో చెప్పని పొడి కొనకండి. ఈ ఆకు రసం ఇదివరకే తాగి ఉంటే డాక్టరుకు ఆ సంగతి చెప్పి, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.