నుదుటి నామం దగ్గరే ఆగే కుంచె
1806 నాటి వేలూరు సిపాయికి రంగులద్దాలంటే...

వేలూరు: ఎర్ర కోటు వేయడం పెద్ద పనేం కాదు. ఓపికుంటే ఒక పూటలో అయిపోతుంది. చెయ్యి ఆగేది నుదుటి దగ్గర. నామం పెట్టాలా, వద్దా? అరచేతిలో ఇమిడే సిపాయి బొమ్మ, తల నుంచి రొమ్ము వరకే ఉంటుంది. 1:10 కొలతలో తల అంగుళం లోపే. అందులో నామమంటే అర మిల్లీమీటరు గీత. ఆ గీత కోసమే ఒకప్పుడు ఇక్కడి కోటలో నెత్తురు పారింది.

ఆస్పత్రి పనిమీద వేలూరు పోయే మన జిల్లావాళ్లు ఆ కోట అగడ్తను చూసే ఉంటారు. 1805 నవంబరులో మద్రాసు సైన్యానికి కొత్త ఉత్తర్వులొచ్చాయి. పరేడ్‌లో నుదుట బొట్టు, నామం, విభూతి ఉండకూడదు. చెవిపోగులు తీసేయాలి. గడ్డం గీయాలి, మీసం చెప్పిన కొలతకు కత్తిరించాలి. పాత తలపాగా స్థానంలో టోపీలాంటిది, దానికో తోలు తురాయి. ఆవు తోలేమోనని హిందువులు, పంది తోలేమోనని ముస్లింలు.. ఇద్దరికీ ఒకే మంట.

1806 జులై 10 తెల్లవారకముందే సిపాయిలు తిరగబడ్డారు. కోటపై టిప్పు జెండా ఎగిరింది. ఆర్కాటు నుంచి గిలెస్పీ గుర్రపుదళం 16 మైళ్లు పరుగున వచ్చి పొద్దెక్కేసరికి అంతా అణచేసింది. ప్రాణాలు పోయిన సిపాయిలు 350 మంది దాకా ఉంటారని లెక్క. ఆనక ఆ ఉత్తర్వుల్ని వెనక్కి తీసుకున్నారు. గవర్నరు బెంటింక్, సేనాపతి క్రాడాక్ ఇద్దర్నీ 1807లో లండన్‌కు పిలిపించేశారు.

సిపాయిని ఉత్తరాదిలో ‘తిలంగా’ అనేవాళ్లు. మన తెలుగు నేల పేరే అది!

ఎరుపులో తెలుపు కలిపితే అంతే..

ముందు ప్రైమరు. నల్లది కొట్టి, పైనుంచి మాత్రమే తెల్లది చల్లితే నీడలెక్కడ పడతాయో బొమ్మే చెబుతుంది. ఆక్రిలిక్ రంగును నీళ్లలా పలుచన చేసి పొర మీద పొర వేయాలి. కోటు మడతల్లో వెలుగు కోసం ఎరుపులో తెలుపు కలిపారో, గులాబీ రంగు కోటు తయారు! నారింజ కలపాలి. నీడకు ముదురు గోధుమ. మొహానికి మన ఎండ రంగే సరి. సీసాలో అమ్మే ‘చర్మం రంగు’ దొరల మొహానికి తప్ప పనికిరాదు.

ఇక తల. తోలు తురాయి పెడితే నామం, పోగులు ఉండకూడదు. అది ఉత్తర్వుకు తలొంచిన సిపాయి. పాత తలపాగా, నామం, పోగులు పెడితే ఉత్తర్వుకు ముందటి మనిషి. రెండూ కలిపితే చరిత్ర తప్పుతుంది. చాలామంది తప్పేది ఇక్కడే.

గుడియాత్తంలో మరో శిరస్సు

తలకు ప్రాణం పోయడమంటే ఏమిటో పక్కనే ఉన్న గుడియాత్తానికి ఎవరూ నేర్పక్కర్లేదు. పలమనేరు అడవుల మీదుగా వచ్చే కౌండిన్య నది ఒడ్డున ఏటా మే నడుమ, తమిళ వైకాసి ఒకటో తేదీన, గంగమ్మ శిరస్సు ఊరేగుతుంది. వేలల్లో జనం. పరశురాముడు నరికిన రేణుక తలే ఆ శిరస్సని కథ. గుడికి చేరాక దాన్ని మొండేనికి చేరుస్తారు.

ఈ చిన్న సిపాయికి మొండెం లేదు. చూపంతా మొహం మీదే. కనుగుడ్డు పచ్చి తెలుపు వేస్తే బెదిరినట్టుంటుంది, కాస్త బూడిద రంగు కలపాలి. ఆఖర్న ఒంటికంతా మెరుపులేని వార్నిష్. కళ్లకు, తోలు తురాయి ఉంటే దానికి మాత్రం మెరిసేది ఒక్కో చుక్క.